వూఫరు పెట్టెలో దూది

దగ్గరికి జరిగి కూర్చోండి. ఆ ఫ్యాను చప్పుడులో నా మాట సరిగ్గా వినబడదు. కాళ్ళు చాపుకుంటారో, గోడకు ఆనుకుంటారో మీ ఇష్టం. నేను చెప్పబోయేది కారులో పాటల డబ్బా గురించే. కానీ ఆ డబ్బాతోనే మా కారు మాకు మిగులుతుందా, పరాయివాళ్ళ పాలవుతుందా అన్నది తేలింది. అందుకని మొదటినుంచి వినాలి.

నేను హిందూపురంలో దూదేకులవాళ్ళ ఇంట్లో పుట్టాను. నాలుగో తరగతి పరీక్ష రాసిన మరునాడు పలక గూట్లో పెట్టి పరుపులు కుట్టే సూది పట్టుకున్నాను. మా నాయన దూది ఏకేవాడు. మనిషంత పొడుగు విల్లు, దానికి బిగించిన నరం, ఆ నరాన్ని కొట్టడానికి చేతిలో ఒక కొయ్య. కొయ్య పడినప్పుడల్లా నరం ఝుమ్మని మోగేది. పక్కన కూర్చున్న నాకు ఆ మోత చెవికంటే ముందు గుండెలో తెలిసేది. నరం వదులైతే మోత సాగి సాగి ముద్దగా వచ్చేది. నాయన వెంటనే ఆపి మళ్ళీ బిగించుకునేవాడు. "మోగేది మోగి నిలబడాల పాపా. సాగిందంటే దూది చెడతాది" అనేవాడు. నా చదువు అంతా అదే. ఇంకేమీ చదవలేదు.

పెండ్లి చేసి నన్ను పెనుకొండకు పంపారు. మా ఆయన డ్రైవరు. చాలా ఏళ్ళు పరాయివాళ్ళ లారీ తోలాడు. నేను ఇంటింటికీ పోయి పరుపులు, దిండ్లు కుట్టాను. ఇద్దరి కష్టమూ కలిపి రెండువేల సంవత్సరం వచ్చిన కొత్తల్లో ఒక పాత తెల్ల డీజిల్ కారు కొన్నాం. ఒక తలుపు తాడుతో కట్టి ఉండేది, నిజమే. అయినా అది మాది. మా ఆయన దాన్ని బస్టాండు పక్క బాడుగ కార్ల స్టాండులో పెట్టుకునేవాడు.

ఆ స్టాండులో మూడు కార్ల ఆసామి ఒకడుండేవాడు. నెత్తికి రంగు, మెడలో గొలుసు. పెండ్లి బాడుగలన్నీ వాడి కార్లకే పోయేవి. ఎందుకంటే వాడు ఒక కారు డిక్కీలో బియ్యం మూటంత నల్ల పెట్టె పెట్టించాడు. అదే సబ్ వూఫరు. దానిమీద నీలం లైటు. అది మోగితే బస్టాండులో టీ గ్లాసులు అదిరేవి. పెండ్లివాళ్ళకు అప్పట్లో ఆ పిచ్చి పట్టింది. కారు ఎంత మెత్తగా పోతుందో అడిగేవాళ్ళు లేరు. "పాటలు ఎట్ల వస్తాయి?" అన్నదే మొదటి మాట.

మా కారులో క్యాసెట్టు పెట్టె ఉండేది కానీ స్పీకరు ఒక్కటే, అదీ ముందు అద్దం కింద. ఎవరు పాడినా జలుబు చేసినవాళ్ళు పాడినట్టే ఉండేది. రెండు పెండ్లిళ్ళ కాలాలు గడిచాయి, మాకు ఒక్క పెండ్లి బాడుగా రాలేదు. ఆసుపత్రి బాడుగలు, శవం వెంట పోయే బాడుగలు మా పాలికి. ఒక సాయంకాలం మా ఆయన అన్నం ముందు కూర్చుని కలపకుండా చూస్తున్నాడు.

"ఏమయ్యా, కూర నచ్చల్యా?"

"కారు ఇచ్చేస్తాం మ్మే. ఆ ఆసామి అడుగుతాండాడు. వాని కిందనే డ్రైవరుగా పెట్టుకుంటాడంట."

"మన కారును వాడు కొని, మన కారుకే నిన్ను డ్రైవరు చేస్తాడా?"

"ఏం చేద్దామంటావు మల్ల?"

"ఇయ్యను" అన్నాను. "సగం కారు నీది, నీ సగం అమ్ముకో. ముందు చక్రాలు నావి. అవి ఈడనే ఉంటాయి."

ఆయన నవ్వలేదు. కానీ అన్నం కలిపాడు.

సరిగ్గా ఆ వారంలోనే ధర్మవరం నుంచి ఒక పెద్దాయన స్టాండుకు వచ్చాడు. ఇంట్లో మగ్గాలున్న మనిషి, పట్టుచీరల వ్యాపారం. కూతురి పెండ్లి పెట్టుకున్నాడు. పెండ్లికొడుకు వాళ్ళది పెనుకొండే. పత్రికలు పంచడం, చుట్టాలను దింపడం, సామాను మోయడం, అన్నిటికీ కలిపి పదిహేను రోజులు ఒకే కారు కావాలన్నాడు. "పాట బాగుండల్ల. వచ్చే గురువారం వస్తా, కార్లన్నీ కూర్చొని విని మాట్లాడతా" అని చెప్పి పోయాడు. పదిహేను రోజుల బాడుగ అంటే మాకు ఆ ఏడంతా గట్టెక్కినట్టే. అది కూడా ఆ ఆసామికే పోతే కారు అమ్మేద్దామని మా ఆయన, అయితే గురువారం దాకా ఆగమని నేను. అట్లా ఒప్పుకున్నాం.

మరునాడు పరుపుల దుడ్లు కొంగున కట్టుకుని హిందూపురం బయలుదేరాను. ఆయన కారు తీశాడు. మా అత్త గడపలో నిలబడి అడిగింది.

"యాడికి ఇద్దరూ?"

"సబ్ వూఫరు కొనను పోతాండాం అత్తా."

"సబ్బు కొనను హిందూపురం దాకా పోవాల్నా? ఈడ అంగట్లో ల్యా?"

చెప్పే ఓపిక లేక "మంచి వాసన సబ్బు అత్తా" అని కారెక్కాను.

స్టాండు దాటుతుంటే ఆసామి చెయ్యెత్తి కారు ఆపాడు. సంగతి ఎవరు చెప్పారో గానీ అప్పటికే తెలుసు వాడికి.

"ఏమప్పా, సెట్టు కొనను పోతాండావంట గదా? మంచిదే. కానీ ఈయమ్మను యాల తీసుకపోతాండావు? పరుపు కొంటాండావా, స్పీకరు కొంటాండావా?"

చుట్టూ ఉన్నవాళ్ళు కిసుక్కున నవ్వారు. మా ఆయన గేరు మీద చెయ్యి పెట్టుకుని కిందికి చూశాడు. నేను అద్దం దించాను.

"ఏమన్నా, మీ ఇంట్లో పండుకునే పరుపు ఎవరు కుట్టినారు?"

"నువ్వే గదమ్మా."

"నిద్ర పడతాండాది గదా? అయితే నేను కొనేదాని గురించి నువ్వు నిద్ర చెడగొట్టుకోవద్దు."

హిందూపురంలో ఆ అంగడి రైల్వే స్టేషను దారిలో ఉండేది. అటక దాకా స్పీకర్లు. అంగడాయన కన్నడం, తెలుగు కలిపి మాట్లాడేవాడు. మమ్మల్ని చూసి, కారును చూసి, తాడు కట్టిన తలుపును చూసి, మాకు తగినది ఏదో మనసులో తేల్చుకున్నాడు. నీలం లైటు ఉన్న పెట్టె ఒకటి బయటికి లాగాడు. దానిమీద వెయ్యి వాట్లు అని బంగారు రంగు స్టిక్కరు.

"వెయ్యి వాట్లక్కా! ఊరంతా లేచి కూర్చుంటాది."

"మా ఇంట్లో బల్బు అరవై వాట్లు" అన్నాను. "వెయ్యి అంటే పదహారు బల్బుల మీద. నా ముసలి కారు బ్యాటరీ అన్ని బల్బులు వెలిగిస్తాదా?"

ఆయన తల గోక్కున్నాడు. మా ఆయన నా మోచెయ్యి గిల్లాడు. నేను ఊరుకోలేదు.

"పద్దాకలా మోగేది ఎంత, ఒక్క గడియ మోగి ఆగేది ఎంత, అది చెప్పన్నా."

"పద్దాకలా అంటే... అరవై అనుకో అక్కా."

"అరవై అంటే అరవై అని రాయొచ్చు గదా. బంగారు రంగు యాల?"

అప్పుడు ఆయన కూడా నవ్వాడు. స్టూలు తెచ్చి వేశాడు, టీ చెప్పాడు. బేరం చేసే మనిషికి అంగట్లో మర్యాద ఉంటుందని నాకు పరుపుల పనిలోనే తెలుసు. అడిగినదానికల్లా తలూపేవాళ్ళకు నిలబడే చోటు కూడా ఇవ్వరు.

ఆయన తన క్యాసెట్టు పెట్టి వినిపించబోయాడు. నేను వద్దన్నాను. అంగడి క్యాసెట్టులో అన్ని స్పీకర్లూ బాగానే పాడతాయి. అందుకే ఏరి పెట్టుకుని ఉంటారు దాన్ని. నా సంచిలోంచి మా పెండ్లి క్యాసెట్టు తీసి ఇచ్చాను. అందులో సన్నాయి, డోలు, మధ్యలో మా చిన్నాయన దగ్గు. ఆ దగ్గు నాకు ఎంత తెలుసంటే, కళ్ళు మూసుకుని వింటే ఆయన కూర్చున్న అరుగు కూడా కనబడుతుంది. తలుపుల్లో బిగించే చిన్న స్పీకర్లు ఆరు జతలు మార్చి మార్చి వినిపించాడు. రెండింటిలో దగ్గు రేకు డబ్బాలో దగ్గినట్టు ఉంది. ఒకదానిలో సన్నాయి చెవిలో పుల్ల పెట్టి తిప్పినట్టు ఉంది. ఐదో జతలో మాత్రం చిన్నాయన మా పక్కనే కూర్చుని దగ్గాడు. ఆ జతకు నీలం రంగూ లేదు, వెండి రంగూ లేదు. ముఖం మీద మామూలు నల్ల జాలీ.

"అది అందరూ కొనరక్కా, చూపు ఉండదు దానికి" అన్నాడు అంగడాయన.

"తలుపు లోపల ఉండేదానికి చూపు ఎందుకన్నా?"

అది తీసుకున్నాం. వెనక సీటుకు స్పీకర్లు వద్దన్నాను. ఉన్న దుడ్లు నాలుగు చోట్ల పరిస్తే నాలుగూ పలచబడతాయి. మిగిలిందంతా వూఫరుకు, దాన్ని వాయించే యాంప్లిఫయరుకు. కొత్తవాటికి చాలదు. పాతవి చూపించమన్నాను. ఆయన బల్ల కిందినుంచి ఎవరో మార్చి ఇచ్చిపోయిన వూఫర్లు నాలుగు తీశాడు, పెట్టెలు లేకుండా వట్టివి. నేను ఒక్కొక్కదాన్ని చేతిలో ఎత్తి బరువు చూశాను. వెనకాల అయస్కాంతం ముద్ద బరువుగా ఉన్నది ఒకటి పక్కకు పెట్టాను. తర్వాత దాని ముందరి నల్ల కాగితం మీద రెండు చేతుల వేళ్ళూ సమానంగా పెట్టి, పరుపులో గడ్డలు వెతికినట్టు, మెల్లగా లోపలికి ఒత్తి వదిలాను. మెత్తగా పోయి మెత్తగా వచ్చింది. ఇంకొకదాన్ని ఒత్తితే లోపల గర్రుమంది.

అంగడాయన కళ్ళు పెద్దవయ్యాయి. "ఇది లోపల తీగచుట్ట అయస్కాంతానికి రాసుకుంటాండాదని అట్లే కనిపెడతారక్కా. మీకు ఎవరు నేర్పిచ్చినారు?"

"పరుపులన్నా" అన్నాను.

బరువుగా ఉండి గర్రుమననిది తీసుకున్నాం. ఎనిమిది అంగుళాలది. దానికి సరిపడే పాత యాంప్లిఫయరు, బ్యాటరీ నుంచి లావు తీగ, మధ్యలో ఫ్యూజు. తీగ దగ్గర కక్కుర్తి పడవద్దని అంగడాయనే చెప్పాడు, ఆ మాట విన్నాం. కొంగు ముడి విప్పితే తిరుగు దారిలో టీ తాగడానికి మిగిలింది, అంతే.

పెట్టె మాత్రం పెనుకొండలోనే చేయించాం. వడ్రంగి దగ్గర ఎవరి బీరువాకో కోసి మిగిలిన మందపు చెక్క ఉంది. వెనక సీటుకూ డిక్కీకీ మధ్య సందులో పట్టేటంత, సన్నగా, నిటారుగా చేయించాను. సందుల్లో బంక, మేకులకు బదులు స్క్రూలు. ఇంతవరకూ అంతా సరిగ్గానే నడిచింది. ఆ తర్వాత తప్పు చేశాను. ఆ తప్పు దూదేకులింటి మనిషి తప్ప ఇంకెవరూ చేయరు.

వూఫరు పెట్టెలో కొంచెం దూది పెడితే మోత లోతుగా వస్తుందని హిందూపురం అంగడాయన చెప్పాడు. కొంచెం అన్నాడు. కానీ నా చేతికి ఖాళీ సంచి చూస్తే ఓర్వలేని గుణం ఉంది. పరుపు సగం నింపి ఎవరికైనా ఇస్తే నాయన తల ఎత్తుకోలేడు. నేను ఆ పెట్టెలోకి కూడా అట్లాగే దూది కుక్కాను. మూలలకు కర్రతో పొడిచాను. మోకాలితో ఒత్తి ఇంకా కుక్కాను. రెండు దిండ్ల దూది పోయింది దాంట్లో. పైన వూఫరు బిగించి, ఎంత గట్టి పని చేశానో అని చేతులు దులుపుకున్నాను.

మంగళవారం పొద్దున స్టాండులో మా ఆయన పాట పెట్టాడు. చిన్న స్పీకర్లు బాగా పాడాయి. వెనకాల వూఫరు మాత్రం నోట్లో గుడ్డ కుక్కిన మనిషి మూలిగినట్టు మ్మ్ మ్మ్ అంది. ఆసామి వచ్చి డిక్కీ దగ్గర వంగి చెవి పెట్టాడు.

"ఏమబ్బా, లోపల ఎవరినన్నా కట్టేసి పెట్టినావా?"

స్టాండంతా విరగబడి నవ్వింది. నేను ఆ పూట అక్కడ లేను. మా ఆయన ఇంటికి వచ్చి తాళంచెవి నా ముందు నేల మీద పెట్టాడు.

"చాలు మ్మే. వానికే ఇచ్చేస్తాం. నగుబాటు చాలు."

నాకు ఒళ్ళంతా మంట పుట్టింది. ఆసామి మీద, ఆయన మీద, నా చేతుల మీద. "గురువారం దాకా అని మాట. ఈ పొద్దు మంగళవారం" అని తాళంచెవి తీసుకుని బయటికి పోయాను. కారులోకి నేనే దూరి స్క్రూలు విప్పాను. దూది చూస్తే రాయిలా ఉంది. చేతిలోకి ఒక ముద్ద తీసుకున్నాను. అప్పుడు తెలిసింది నాకు సిగ్గు. ఏకకుండా కుక్కాను! దూదేకులవాడి బిడ్డను, దూది ఏకలేదు. దిండులోంచి తీసినదాన్ని తీసినట్టే, గడ్డలతో సహా తోసేశాను. నాయన చూసి ఉంటే నోటితో అనేవాడు కాదు, కొయ్య పక్కన పెట్టి లేచిపోయేవాడు.

నా దగ్గర విల్లు లేదు. వాకిట్లో కూర్చుని వేళ్ళతోనే ఏకడం మొదలుపెట్టాను. ఒక్కొక్క గడ్డ విడదీసి, పోగు పోగు లాగి, ఊదితే ఎగిరేటట్టు చేశాను. మా అత్త వచ్చి చూసి, ఎదురుగా కూర్చుని తనూ ఏకింది. మొత్తం ఏకింది గంప నిండా అయింది. అందులోంచి నాలుగు గుప్పెళ్ళు మాత్రం తీసుకుని పెట్టె గోడల పక్కన పరిచాను, నడుమ ఖాళీ వదిలేశాను. ఆ ఖాళీ వదలడానికి నా చేతులను నేనే పట్టుకోవలసి వచ్చింది, నమ్మండి.

పెండ్లి క్యాసెట్టు పెట్టాం. డోలు మోగింది. మోగి నిలబడింది. మా ఆయన వెనక సీటులో కూర్చుని ఉన్నవాడు అట్లాగే ఉండిపోయాడు. క్యాసెట్టు రెండో పక్క కూడా తిప్పి పెట్టమన్నాడు. మా అత్త తన కొడుకు పక్కన కూర్చుని, "ఇదేనా సబ్బు" అంది.

గురువారం నేను కూడా స్టాండుకు పోయాను. ఆడవాళ్ళు నిలబడే చోటు కాదది. నిలబడ్డాను. ధర్మవరం పెద్దాయన భార్యతో వచ్చాడు. ముందు ఆసామి కారు ఎక్కారు. వాడు నీలం లైటు వేసి మోత పెంచాడు. అద్దాలు అదిరాయి. పెద్దాయన లోపల కూర్చుని ఏదో అంటున్నాడు, పెదాలు కదులుతున్నాయి, పక్కనున్న భార్య "ఆఁ? ఆఁ?" అంటూ ఉంది. దిగి, డిక్కీ తెరవమన్నాడు. తెరిస్తే అంతా నల్ల పెట్టె.

"సామాను యాడ పెట్టాలప్పా?"

"పైన క్యారియరు ఉండాది గదా పెద్దాయనా."

"పట్టుచీరలు టాపు మీద ఏసుకొని పోదామా? వాన వస్తే?"

"పైన టార్పాలిను పట్ట కప్పి కడతా."

పెద్దాయన మా కారు వైపు వచ్చాడు. తాడు కట్టిన తలుపు చూసి ఆగాడు. భార్య మాత్రం రెండో తలుపు తీసి కూర్చుంది. మా ఆయన పాట పెట్టాడు. ఇద్దరూ వెనక కూర్చుని పత్రికలు ఎవరెవరికి ఇవ్వాలో మాట్లాడుకుంటూ ఆ పాట మొత్తం విన్నారు. డిక్కీ తెరిచి చూసుకున్నారు, అంతా ఖాళీ. పెట్టె యాడుందని వెతికారు కూడా.

"ఎవరు బిగించినారప్పా ఇది?" అని పెద్దాయన మా ఆయనను అడిగాడు.

మా ఆయన నా వైపు చెయ్యి చూపించాడు. స్టాండులో అందరి ముందు, అంత నవ్విన మనుషుల ముందు.

"పదహైదు దినాలు ఈ కారే" అన్నాడు పెద్దాయన. "మెరవణికి మాత్రం ఆ కారు. పిల్లోళ్ళు అదే కావాలంటారు, వాళ్ళకు అదురు కావాల." తలుపు వైపు చూసి, "ఆ తాడు మాత్రం తీసెయ్యి నాయనా" అని నవ్వాడు.

ఊరేగింపు కారు మాది కాలేదని ఒక్క క్షణం నొచ్చుకున్నాను, అబద్ధం చెప్పను. ఆసామికి అంతే చాలు, వచ్చేశాడు.

"చూసినావా అక్కా, మెరవణి నాదే! పెండ్లికొడుకు కూర్చునేది నా కార్లోనే."

"కూర్చోనీ అన్నా. గంటసేపు కూర్చొని దిగిపోతాడు. వాళ్ళ ఇంటిల్లిపాదీ పదహైదు దినాలు మా కార్లో ఉంటారు."

వాడు నన్ను వదిలి మా ఆయన వైపు తిరిగాడు. గొంతు తగ్గించి, "ఏమప్పా, ఆ మాట ఇంగా ఉండాది గదా? కారు మాట?" అన్నాడు.

మా ఆయన నన్ను చూడలేదు. బానెట్టు మీది దుమ్ము గుడ్డతో తుడుస్తూనే చెప్పాడు.

"ల్యా. ఆ మాట ల్యా. నువ్వు అడగొద్దు, నేను చెప్పను. నా కారుకు నేనే డ్రైవరు."

ఆ సీజను గడిచింది. ధర్మవరం దారి మా కారుకు ఇంటి దారి అయింది. ఎనిమిదేళ్ళు ఆ కారు మా దగ్గరే ఉండి, మా చేతుల్లోనే ముసలిదైంది. ఆ పెండ్లి అయిన కొన్నాళ్ళకు ఆసామి మనిషి ఒకడు వచ్చి, వాళ్ళ పెట్టెలో కూడా దూది పెట్టమని అడిగాడు. పెట్టాను. ఊరికే పెట్టలేదు. ఆ మనిషిని మా ఆయన పక్కన కూర్చోబెట్టి, వాడి చేత్తోనే దూది ఏకించి, పెట్టాను.

ఇంతసేపూ కదలకుండా విన్నారు, సంతోషం. మీ ఇంట్లో పొయ్యి మీద ఎసరు ఎప్పుడూ కాగుతూ ఉండాలి. మీ పిల్లల పాదాలకు ముల్లు గుచ్చుకోకూడదు. మీ కష్టంతో కొన్నదాన్ని ఎవరు అడిగినా ఇవ్వనని చెప్పే నోరు మీ ఇంటి ఆడవాళ్ళకూ మగవాళ్ళకూ దేవుడు ఇవ్వాలి. చల్లగా ఉండండి, పోయి రండి.